దగ్గని పిల్ల

నాకు కోపం ఎక్కువ. ఆ మాట ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పేస్తున్నాను. మా ఊళ్ళో ఆరెంపీ డాక్టరు సంజీవరావు అంటే జనానికి మందు కంటే ముందు తిట్లు గుర్తొస్తాయి. అయినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. చిలకలూరిపేటలో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గర పదకొండేళ్ళు కాంపౌండరుగా చేశాను. ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు ఊళ్ళో సొంతంగా సూది పట్టాను. ఎవడికి ఏ రోగమో వాడు గడప తొక్కకముందే చెప్పేస్తానని నాకు గట్టి నమ్మకం.

ఇది రెండువేల సంవత్సరం జనవరి నాటి సంగతి. మా వైపు జనవరి అంటే మిరప కోతలు. ఏ కళ్ళంలో చూసినా కాయ ఎర్రగా ఆరబోసి ఉంటుంది, గాలి ఎటు వీస్తే అటు ఘాటు. ఊరంతా దగ్గుతుంది. తొడిమలు తీసే ఆడవాళ్ళు దగ్గుతారు, టిక్కీ బస్తాల్లో కాయ తొక్కే మగవాళ్ళు దగ్గుతారు, బళ్ళో పిల్లలు ఎక్కాలు చెబుతూ దగ్గుతారు, చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆగి రెండుసార్లు దగ్గి మళ్ళీ మొదలెడతారు. మాకు దగ్గు రోగం కింద లెక్క కాదు. ఎవడైనా దగ్గితే "మిరప ఘాటురా" అని ఊరుకుంటాం. నా వైద్యమూ అంతే. ఒక ఎర్ర సిరప్పు, ఒక సూది, నాలుగు తెల్ల బిళ్ళలు. పదిమంది వచ్చినా అదే, యాభైమంది వచ్చినా అదే.

ఆ చలికాలంలోనే మా ఊరి సబ్‌సెంటరుకి రెబెకా ఏఎన్‌ఎమ్‌గా వచ్చింది. కొత్తపట్నం దగ్గర ఏదో పల్లె. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. సన్నగా ఉండేది, చేతికి మాత్రం మగవాళ్ళు పెట్టుకునే పెద్ద వాచీ. మాట మెల్లగా అనేది. అదే నాకు ఒళ్ళు మండించేది. అరిచేవాళ్ళతో నేను ఎంతసేపైనా వేగగలను గానీ, మెల్లగా మాట్లాడేవాళ్ళ దగ్గర నాకు ఊపిరాడదు.

ఒకరోజు యలమందయ్య కళ్ళం నుంచి కబురొచ్చింది, ఆయనకి ఒళ్ళు తెలియని జ్వరం అని. నేను సెలైన్ సీసా సంచిలో పెట్టుకుని నా టీవీఎస్ బండి మీద వెళ్ళేసరికి, పాకలో మంచం పక్కన అప్పటికే రెబెకా కూర్చుని ఉంది. ఆయన్ని ఏవేవో అడుగుతోంది.

"ఎప్పుడు మొదలైందండీ?"

"నిన్న పొద్దున బానే ఉన్నానమ్మా. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక్కసారిగా వణుకొచ్చి పడ్డా. ఒళ్ళంతా రోకళ్ళతో దంచినట్టుంది. కనుగుడ్లు కూడా నొప్పే."

"ముక్కు కారుతోందా?"

"పెద్దగా లేదు. పొడి దగ్గు."

రెబెకా ఆయన చొక్కా తీయించి, వాచీ చూసుకుంటూ ఒక నిమిషం పాటు ఆయన ఛాతీ వైపే చూస్తూ కూర్చుంది. మళ్ళీ చెబుతున్నాను, ఏమీ చెయ్యకుండా, ఉట్టిగా చూస్తూ కూర్చుంది. నాకు నవ్వొచ్చింది.

"ఇది ఘాటూ కాదు, పడిశమూ కాదండి. ఫ్లూ జ్వరం," అంది. "పడిశమైతే ముక్కుతో మొదలై మెల్లగా వస్తుంది, మనిషి పని చేసుకుంటూనే తిరుగుతాడు. ఇది ఒక్కదెబ్బకి మంచాన పడేస్తుంది. ఊపిరి నిదానంగానే ఉంది కాబట్టి సూదులక్కర్లేదు. జ్వరం బిళ్ళ, గంజి, నీళ్ళు, విశ్రాంతి. నాలుగైదు రోజుల్లో లేస్తారు. ఆయాసం వచ్చినా, తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టినా వెంటనే నాకు కబురంపండి."

"అంటే నా సెలైన్ నేను తాగాలా?" అన్నాను. కళ్ళంలో ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ పిల్లా నవ్వింది, అదీ మెల్లగానే.

అక్కడితో ఊరుకుందా? తొడిమలు తీస్తున్న వాళ్ళ దగ్గరికెళ్ళి, "ఆదివారం పనిలేక ఇంటిదగ్గరుంటే దగ్గుతారా?" అని ఒక్కొక్కరినీ అడిగింది. ఇంటిదగ్గర దగ్గు రాదన్నవాళ్ళకి మందివ్వలేదు, ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమంది. సుబ్బరావమ్మ ఒక్కతే, "నాకు ఇంటికాడా వస్తదమ్మా. తెల్లారుజామున లేచి కూచుంటా," అంది. రెబెకా ఆవిడ వీపుకి చెవి ఆనించి విని, నన్ను పిలిచింది. "మీరూ వినండి సంజీవరావుగారూ. ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు. ఇది ఉబ్బసం."

నేను వినలేదు. నా మెడలో స్టెతస్కోపు ఉంది, ఆ మాట నిజమే. అది ఎన్నాళ్ళుగానో మెడలోనే ఉంది. "నాకు నేర్పుతావా అమ్మాయ్?" అని గట్టిగా అరిచి బండి స్టార్టు చేసుకుని వచ్చేశాను. ఐదోరోజుకి యలమందయ్య లేచి కళ్ళంలో తిరుగుతున్నాడని విన్నాను. సుబ్బరావమ్మ పీహెచ్‌సీలో ఇచ్చిన బిళ్ళలు వేసుకుని తెల్లారేదాకా పడుకుంటోందట. రెండూ విని, విననట్టే ఉన్నాను.

సరిగ్గా అప్పుడే నా మనవరాలికి పడిశం పట్టింది.

నా కూతురు ఎస్తేరు కాపురం మా వీధిలోనే. అల్లుడు మార్క్ మిరప లారీలతో పాటు గుంటూరు యార్డుకి పోతుంటాడు కాబట్టి, సీజనంతా కూతురూ పిల్లా మా ఇంట్లోనే ఉంటారు. పిల్ల పేరు జెస్సీ. పదో నెల నడుస్తోంది. నన్ను చూస్తే స్టెతస్కోపు పట్టుకుని లాగేది. ఊరంతా నన్ను చూసి జడుసుకుంటుంటే ఆ ఒక్క పిల్లే నా మీసం పట్టుకుని వేలాడేది.

మొదటి రెండు రోజులూ ముక్కు కారింది. నా సిరప్పు పోశాను. మూడో రోజు జ్వరం, దగ్గు. సిరప్పు కాస్త పెంచాను, సూది కూడా వేశాను. ఐదో రోజు మధ్యాహ్నానికి దగ్గు ఆగిపోయింది. జ్వరం కూడా చేతికి అంతగా తెలియలేదు. పిల్ల ఎస్తేరు భుజం మీద పడి నిద్రపోతోంది. "చూశావా?" అన్నాను నా భార్య ఆదెమ్మతో. "నీ రెబెకమ్మ అయితే గంజి తాగించి కూచోబెట్టేది."

ఎస్తేరు మాత్రం, "పాలు పట్టడం లేదు నాన్నా. పొద్దుటి నుంచీ ఒక్క గుక్క తాగలేదు," అంది. నిద్రమత్తులే అన్నాను. నా సిరప్పులో మత్తు ఉంటుందని నాకు తెలుసు. అందుకే అది నాకు వింతగా అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెప్పుచ్చుకు కొట్టుకోవాలనిపిస్తుంది.

మా ఆదెమ్మ ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది గానీ దిష్టి తియ్యడం మాత్రం మానలేదు. "పిల్ల కోసం తీస్తే దేవుడేమీ అనుకోడులే," అంటుంది. ఆ సాయంత్రం ఉప్పూ ఏడు ఎండు మిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని, జెస్సీ చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. దిష్టి తగిలి ఉంటే మిరపకాయ మాడినా ఘాటు రాదని మా వాళ్ళ నమ్మకం. ఆ రోజు వచ్చిన ఘాటు అంతా ఇంతా కాదు. ఇల్లంతా నిండిపోయింది. నేను దగ్గాను, ఆదెమ్మ దగ్గింది, ఎస్తేరు కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. ఘాటు వచ్చింది కాబట్టి దిష్టి లేదు, దిష్టి లేదు కాబట్టి పిల్లకేం లేదు అని ఆదెమ్మ దగ్గుల మధ్యలోనే తేల్చేసింది. నేనూ తలూపాను.

అప్పుడు గుమ్మంలో ఇంకో దగ్గు వినిపించింది. చూస్తే రెబెకా. ఆదివారం పల్స్ పోలియో చుక్కల కోసం ఇళ్ళ గోడల మీద సుద్దతో నంబర్లు వేసుకుంటూ వచ్చిందట. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి చూసింది. మా ముగ్గురినీ చూసింది, పిల్లని చూసింది. చేతిలో సుద్దముక్క అలాగే ఉంది.

"పాప ఎందుకు దగ్గట్లేదండీ?" అంది.

"తగ్గింది కాబట్టి. నా మందు," అన్నాను.

"ఈ ఘాటుకి నేను గుమ్మంలో ఉండే దగ్గుతున్నా. మీరూ దగ్గుతున్నారు. పాప మాత్రం దగ్గట్లేదు."

అంతే అంది. ఆమె లోపలికొచ్చి, అడగకుండానే ఎస్తేరు చేతుల్లోంచి పిల్లని తీసుకుని వీధి అరుగు మీదకి వెళ్ళింది. ఇంకా వెలుతురు ఉంది. పిల్ల ఒంటి మీద కుచ్చుటోపీ, స్వెట్టరు, లోపల ఫ్లానెల్ గౌను, దాని లోపల బనీను. చలికాలం కదా, మా ఆదెమ్మ చుట్టిన చుట్లవి. ఒక్కొక్కటీ విప్పింది.

"చలి తగుల్తదమ్మా!" అని ఆదెమ్మ గోలపెట్టింది.

"ఒక్క నిమిషం. ఎవరూ మాట్లాడకండి."

వాచీ చూస్తూ కూర్చుంది. నాకు కోపం నషాళానికి అంటింది. నా ఇంట్లో, నా అరుగు మీద, నా మనవరాలిని నా ముందే! నోరు తెరవబోయాను. ఆమె తలెత్తకుండా, "మీరూ లెక్కపెట్టండి సంజీవరావుగారూ. పొట్ట ఒకసారి పైకి లేస్తే ఒకటి," అంది.

ఎందుకు లెక్కపెట్టానో నాకు తెలియదు. వంగి చూశాను. ఒకటి, రెండు, మూడు. నా లెక్క ఊపిరిని అందుకోలేకపోయింది. పది అనేలోపు పదకొండు, పన్నెండు వచ్చేస్తున్నాయి. పిల్ల నిద్రపోవడం లేదు. కళ్ళు సగం తెరిచి, ఉన్న బలమంతా పెట్టి ఆ ఒక్క పనే చేస్తోంది. ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి. లోపలికి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంట పడి లోపలికి పోతోంది. ఛాతీ పొంగాల్సిన చోట గుంట! ఇంత చిన్న ఒంట్లో ఇంత పెద్ద పోరాటం జరుగుతోంది, చప్పుడన్నది లేదు. అది నా చేతికి అడుగు దూరంలో పొద్దుటి నుంచీ జరుగుతోంది. దాని మీద మూడు చొక్కాలు కప్పి, నేను మీసం తిప్పుకుంటూ కూర్చున్నాను. ముప్పై ఏళ్ళలో ఎన్ని వేలమంది పిల్లల్ని చూశానో! చొక్కా విప్పి నిండా ఒక్క నిమిషం చూసింది మాత్రం అదే మొదటిసారి. దేవుడు చేసిన ఆ చిన్న తిత్తి ఆగకుండా, ఎవరూ చెప్పకుండా అలా పనిచేస్తూనే ఉండటం చూసి నాకు ఒళ్ళు జలదరించింది.

"అరవై ఎనిమిది," అంది రెబెకా.

నాకూ అరవై ఏడో, అరవై ఎనిమిదో వచ్చాయి.

"ఈ వయసు పిల్లకి యాభై వచ్చిందంటేనే నెమ్ము కింద లెక్కండి, న్యుమోనియా. డొక్కలు ఎగరేస్తోంది, పాలు పట్టట్లేదు. ముదిరిపోయింది. గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలి, ఇప్పుడే."

"దగ్గు లేదుగా తల్లీ," అంది ఆదెమ్మ.

"దగ్గడానికి కూడా ఓపిక కావాలి కదమ్మా. ఉన్న ఓపికంతా ఊపిరికే పోతోంది."

మా ఆదెమ్మ పరుగెత్తి సిరప్పు సీసా తెచ్చింది, వెళ్ళేముందు ఒక చెంచా పోద్దామని. రెబెకా చెయ్యి అడ్డం పెట్టింది. "నోట్లో ఏమీ పొయ్యకండి. మింగే స్థితిలో లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది." ఆ సీసా మీద ఎర్ర సిరాతో మోతాదు రాసింది నేనే. నా చేతిరాత చూసి నాకే భయమేసింది.

జాన్ బాషాని ఆటో తీసుకురమ్మని చెప్పడానికి నేనే పరుగెత్తాను. వాడు అప్పుడే మూడు టిక్కీల మిరపకాయ దింపి వచ్చాడు. లోపలికి తల పెడితే కళ్ళు మండిపోయాయి. "ఇందులో పాపని ఎక్కించకూడదు," అంది రెబెకా. వేరే బండి ఎక్కడుంది? ఉన్న ట్రాక్టర్లూ లారీలూ అన్నీ మిరపవే. నేను నీళ్ళ తొట్టి దగ్గరికెళ్ళి బకెట్టు ముంచి ఆటోలో కుమ్మరించాను. నన్ను చూసి వీధిలో ఆడవాళ్ళు బిందెలు పట్టుకొచ్చారు. నా చేత తిట్లు తినని మనిషి వాళ్ళలో ఒక్కరు లేరు. సీటు, టాపు, కింద రేకు అంతా కడిగారు, ఎవరో పాత చీర తెచ్చి తుడిచారు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ రెబెకా పిల్లని నిటారుగా తన గుండెకి ఆనించుకుని, ఘాటు తగలని వైపు నిలబడి ఉంది.

మా ఊరి నుంచి గుంటూరు ఇరవై రెండు కిలోమీటర్లు. ఆటోలో నేను, ఎస్తేరు, పిల్లతో రెబెకా. చీకటి పడుతోంది. రెబెకా తన వాచీ విప్పి నా చేతికిచ్చింది, టార్చిలైటు ఇచ్చింది. "ఆపకుండా లెక్కపెడుతూ నాకు చెబుతుండండి," అంది. నన్ను ఖాళీగా ఉంచితే జాన్ బాషాని తిట్టి ఆటో ఏ కాలవలోనో దింపిస్తానని భయపడిందేమో. ఏమైనా లెక్కపెట్టాను. అరవై తొమ్మిది. డెబ్బై రెండు. డెబ్బై. రోడ్డు పక్క ఏమున్నాయో, ఎదురు ఏమొచ్చాయో నాకు తెలియదు. ఆ టార్చి వెలుతురులో ఒక చిన్న పొట్ట, దాని మీద గుంట, అంతే నా ప్రపంచం. ప్రతి ఊపిరికీ 'ఇంకొకటి, తల్లీ, ఇంకొకటి' అనుకున్నాను. చర్చిలో ముప్పై ఏళ్ళు కళ్ళు మూసుకుని చేసిన ప్రార్థనలన్నీ కలిపినా ఆ ఒక్క గంట ప్రార్థనకి సరిపోవు. ఈసారి కళ్ళు తెరిచి చేశాను.

గుంటూరు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా లెక్క తగ్గింది. యాభై ఎనిమిది. నలభై నాలుగు. నా గుండె ఎగిరి గంతేసింది. "స్తోత్రం! నలభై నాలుగమ్మా! తగ్గింది! ఎస్తేరూ, తగ్గిందే!" అని అరిచాను.

రెబెకా టార్చి లాక్కుని పిల్ల మొహం మీద వేసింది. పెదాల చుట్టూ నీలం. అరికాలు గిల్లింది. పిల్ల కాస్త కదిలింది, అంతే.

"తగ్గలేదండీ. అలిసిపోయింది," అంది. ఆమె గొంతు పైకి లేవడం అదే మొదటిసారి విన్నాను. "జాన్ బాషా! ఆపొద్దు! హారన్ మీద చెయ్యి తియ్యొద్దు!"

అదే నంబరు. ఒక పూట అయితే బతుకు, ఇంకో పూట అయితే చావు. పక్కన చూసేవాళ్ళు లేకపోతే నేను ఆ నలభై నాలుగు పట్టుకుని పండగ చేసుకుంటూ ఇంటికి తిప్పేసేవాణ్ణి. వాచీ చేతిలోంచి జారి కింద పడింది. ఎస్తేరు ఏడవలేదు. నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

పిల్లల వార్డులో ఒక లేడీ డాక్టరు, ఎస్తేరు కంటే రెండేళ్ళు పెద్దదేమో, పిల్లని అందుకున్న క్షణంలోనే చొక్కా ఎత్తి చూసింది. ముక్కుకి సన్న గొట్టం, చేతికి సూది, పక్కన ఆక్సిజన్ సిలిండరు. అన్నీ పెట్టాక రాసుకుంటూ అడిగింది, "ఇప్పటిదాకా ఏం మందులు వాడారు? ఎవరు చూశారు?"

నేను నోరు తెరిచేలోపు ఎస్తేరు అంది, "మందులషాపులో ఎవరో ఇచ్చారండీ."

నన్ను చూడకుండా అంది. నా పరువు కాపాడదామని అంది. పిల్ల ప్రాణం గొట్టం చివర వేలాడుతుంటే నా కూతురు నా పరువు గురించి ఆలోచించింది. నాకు కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ కోపం నా మీదే వచ్చింది.

"షాపులో కాదండీ. నేనే ఇచ్చాను," అన్నాను. "ఆరెంపీని. ఈ పిల్ల తాతని." ఏం సిరప్పు, ఎన్ని చెంచాలు, ఏం సూది, ఏ రోజు, అన్నీ చెప్పాను. మత్తు ఉంటుందని తెలిసే పోశానని కూడా చెప్పాను. ఆవిడ తిడుతుందేమోనని తల వంచుకున్నాను. తిట్టలేదు. అన్నీ రాసుకుని, "మత్తు మందు పడిందని తెలియడం మంచిదైంది," అని పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

బయట వరండాలో రెబెకా బల్ల మీద కూర్చుని ఉంది. చీరంతా తడి, చేతికి ఇంకా సుద్ద. వాచీ తిరిగిచ్చాను. "ఇదంతా ఎక్కడ నేర్చావమ్మా? ఎన్నేళ్ళు చదివావు?" అన్నాను.

"ఇది మూడు రోజుల ట్రైనింగండి," అంది. "చొక్కా విప్పి నిండా ఒక నిమిషం చూడమన్నారు. చూశాను."

మూడు రోజులు! నా ముప్పై ఏళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో నాకు అర్థం కాలేదు. రెబెకా వయసు కంటే ఆరేళ్ళు ఎక్కువ నా అనుభవం. లేచి ఆమెకి రెండు చేతులూ జోడించాను. ఆమె కంగారుపడి లేచి నిలబడింది.

నాలుగు రోజులు ఎస్తేరు నాతో మాట్లాడలేదు. పాలకి వెళ్ళమంటే మార్క్‌తో చెప్పేది, మందులకి వెళ్ళమంటే మార్క్‌తో చెప్పేది. యార్డు నుంచి నేరుగా వచ్చిన మార్క్ మా ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి అలిసిపోయాడు. నేను వరండాలోనే ఉన్నాను. లోపలికి వెళ్ళే మొహం లేదు. రెండో రోజు డొక్కలు ఎగరేయడం ఆగిందని మార్క్ చెప్పాడు. మూడో రోజు పాలు పట్టిందన్నాడు. నాలుగో రోజు గొట్టం తీసేశారన్నాడు. ఒక్కో కబురుకీ నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

ఐదో రోజు పొద్దున ఎస్తేరే బయటికి వచ్చింది, పిల్లని ఎత్తుకుని. బల్ల మీద నా పక్కన కూర్చుంది. జెస్సీని నా ఒళ్ళో పెట్టి, గౌను బొత్తాలు తనే విప్పింది. తర్వాత మార్క్‌దేమో, ఒక వాచీ నా అరచేతిలో పెట్టింది.

"లెక్కపెట్టు," అంది.

లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. పొట్ట నింపాదిగా లేస్తోంది, నింపాదిగా దిగుతోంది. ఎక్కడా గుంట లేదు. ఇంత మామూలు సంగతిని లోకమంతా చూడకుండా ఎలా నడిచిపోతోందో నాకు అర్థం కాలేదు. పద్దెనిమిది, పందొమ్మిది దాకా వెళ్ళాను. కళ్ళు నిండిపోయి వాచీ ముల్లు కనపడలేదు, పిల్లా కనపడలేదు. ఇరవై ఎన్నో తెలియలేదు, ఆగిపోయాను.

"తప్పావు నాన్నా," అంది ఎస్తేరు. కొంగుతో నా కళ్ళు తుడిచింది. "మళ్ళీ మొదట్నించి పెట్టు."